ఖరగ్‌పూర్ వార్డుల్లో తెలుగు ఓటుకు గిరాకీ.. తెలుగు అభ్యర్థికి అడ్డంకులు

ఖరగ్‌పూర్: రైల్వే క్వార్టర్‌లో నివసించే ఉద్యోగి భార్య మున్సిపల్ ఎన్నికల్లో అభ్యర్థిగా నిలబడవచ్చు. అందుకు చట్టం అభ్యంతరం చెప్పదు. అయితే ఆమె ఎన్నికల గుర్తు ఆ ఇంటి గోడమీద కనిపించినా, భర్త స్కూటర్‌మీద కనిపించినా, ఆయన చొక్కాకు తగిలించుకున్నా చిక్కు ఆయన ఉద్యోగానికి వస్తుంది. 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తన నియమావళిలోని అయిదో నియమం ప్రకారం చట్టసభకు గాని, స్థానిక సంస్థకు గాని జరిగే ఎన్నికల్లో రైల్వే ఉద్యోగి పాల్గొనరాదు. ప్రచారం చేయరాదు. తన పలుకుబడిని వాడరాదు. ఒంటిమీద, వాహనంమీద, నివాసంమీద ఎన్నికల గుర్తును ప్రదర్శించడం కూడా పలుకుబడిని వాడుకోవడం కిందికే వస్తుందని ఆ నియమానికి వివరణ ఉంది. ఉద్యోగికి మిగిలేది ఓటు హక్కు. ఆ ఓటును ఎవరికి వేసిందీ, ఎవరికి వేయబోయేదీ సూచించకూడదు.

ఈ నియమం దేశమంతటా అమలులో ఉన్నదే. చాలా పట్టణాల్లో అది కొన్ని కుటుంబాలకు మాత్రమే సంబంధించిన విషయం. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ సంగతి వేరు. ఇక్కడి తెలుగు సమాజం పుట్టిందే రైల్వే కొలువు మీద. మథురాకాటి, నింపురా, న్యూ సెటిల్‌మెంట్ వంటి పేటల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి మున్సిపాలిటీకి ఎవరు పోటీ చేయగలరు, ఎవరు చేయలేరు అన్నది పార్టీలు టికెట్లు పంచడానికి చాలా ముందే ఇటువంటి నిబంధనలు నిర్ణయిస్తున్నాయి.

ఖరగ్‌పూర్ మున్సిపాలిటీకి చివరిసారి 2022 ఫిబ్రవరి 27న ఎన్నికలు జరిగాయి. అయిదేళ్ల రాజ్యాంగ గడువును బట్టి చూస్తే తదుపరి ఎన్నికలు 2027 తొలి నెలల్లో జరగవలసి ఉంది. మొత్తం 35 వార్డులు. 2022లో తృణమూల్ కాంగ్రెస్ 20, బీజేపీ 6, కాంగ్రెస్ 6, వామపక్షాలు 2, స్వతంత్రుడు ఒక వార్డు గెలుచుకున్నారు. ఖరగ్‌పూర్ సదర్ ఎమ్మెల్యేగా ఉంటూనే బీజేపీకి చెందిన నటుడు హిరణ్ చటర్జీ 33వ వార్డు నుంచి కౌన్సిలర్‌గా పోటీచేసి నెగ్గారు. శాసనసభ్యుడు వార్డు ఎన్నికలో దిగవలసినంత పట్టుదల ఈ పట్టణంలో ఉందన్నమాట. చైర్మన్ అయిన ప్రదీప్ సర్కార్ సొంత పార్టీ కౌన్సిలర్ల అసంతృప్తి కారణంగా ఏడాది తిరగకముందే పదవి వదులుకోవలసి వచ్చింది. అంతకు ముందు 2015లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. తృణమూల్‌కు 11, కాంగ్రెస్‌కు 11, బీజేపీకి 7, వామపక్షాలకు 6 దక్కాయి. అటువంటి సభలో ఒకరిద్దరు కౌన్సిలర్లు ఎటు మొగ్గితే పాలకవర్గం అటు మారుతుంది. తెలుగువారు గుంపుగా ఉన్న వార్డుల మీద అన్ని పార్టీల చూపూ పడటానికి కారణం ఈ లెక్కే.

రైలు తెచ్చిన జనం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్ది చివర ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా ఎంచుకుంది. 1900లో హౌరాతో లైను కలిసింది. కటక్ నుంచి వాల్తేరు వరకు ఉన్న తూర్పు తీర రైలు మార్గం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. ఆ ఒక్క విలీనంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కూలీలకు, ఫిట్టర్లకు, ఫైర్‌మన్లకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సొంత కంపెనీ కొలువైంది. ఊరు మారినా యజమాని మారలేదు. స్వాతంత్ర్యం తర్వాత ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోనూ వాల్తేరు డివిజన్ 2003 వరకు కొనసాగింది. ఆ ఏడాది అది తూర్పు తీర రైల్వేలోకి వెళ్లడంతో ఉత్తరాంధ్రకూ ఖరగ్‌పూర్‌కూ మధ్య శతాబ్ద కాలం నడిచిన కొలువుల దారి సన్నబడింది. ఇప్పుడున్న తెలుగువారిలో ఎక్కువమంది ఇక్కడే పుట్టి పెరిగినవారు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, దరఖాస్తులో బెంగాలీ లేదా ఇంగ్లీషు వారి నిత్య వ్యవహారం. ఏటా వేసవి మొదట్లో తెలుగు పేటల్లో జరిగే మాతా పూజకు ఇతర భాషల వారూ వస్తారు. గోల్‌బజార్‌లో తెలుగు మాట వినిపించని రోజు ఉండదు.

ఈ సమాజానికి రాజకీయం తెలియదనడానికి వీలులేదు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల మధ్యనే. 1927-28 నాటి ఖరగ్‌పూర్ సమ్మెల కాలంలో ఆయన ఆ కార్మిక సంఘం నాయకుల్లో ముఖ్యుడు. పదేళ్ల తర్వాత, 1937 ఎన్నికల్లో, బొబ్బిలి నియోజకవర్గంలో సాక్షాత్తు బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు. కార్మిక సంఘంలో సంపాదించిన పేరు ఎన్నికల గోదాలో పనికివస్తుందని అప్పుడే రుజువైంది. అయితే గిరి రైల్వే ఉద్యోగి కాదు, న్యాయవాది. ఆయనకు లేని సంకెల ఆయన వెనుక నడిచిన కార్మికులకు ఉంది.

ఆ తేడా నేటికీ కొనసాగుతోంది. రైల్వే ఉద్యోగి యూనియన్ పదవికి పోటీ చేయవచ్చు. గుర్తింపు సంఘాన్ని నిర్ణయించే రహస్య బ్యాలెట్ 2007, 2013, 2024 సంవత్సరాల్లో జరిగింది. 2024 డిసెంబర్‌లో జరిగిన ఓటింగ్‌కు జెండాలు, సభలు, గేటు మీటింగులు అన్నీ అసలు ఎన్నికల స్థాయిలోనే సాగాయి. ఉద్యోగుల సహకార పరపతి సంఘాలకు, రైల్వే ఇన్‌స్టిట్యూట్లకు కూడా ఎన్నికలుంటాయి. ఓట్లడగడం, వర్గాలను కలపడం, అధికారితో బేరమాడటం తెలిసిన తెలుగువారు ఈ పట్టణంలో కొరత కాదు. వారి అనుభవమంతా వర్క్‌షాపు గేటు లోపలే ఖర్చవుతుంది. గేటు దాటి వార్డు ఎన్నికలోకి రావాలంటే ఉద్యోగం విడిచిపెట్టాలి, లేదా పదవీ విరమణ దాకా ఆగాలి.

పదవీ విరమణ మరో చిక్కును తెస్తుంది. రిటైరైన ఉద్యోగి క్వార్టర్‌ను మామూలు అద్దెపై నాలుగు నెలలు, ప్రత్యేక అద్దెపై మరో నాలుగు నెలలు ఉంచుకోవచ్చు. ఆ తర్వాత ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు ఒకే వీధిలో ఉండి, ఇరుగుపొరుగు కష్టసుఖాలు తెలిసిన మనిషికి పోటీచేసే స్వేచ్ఛ వచ్చిన ఏడాదే ఆ వీధి నుంచి వెళ్లిపోవలసి వస్తుంది. కొందరు మలంచ, ఇందా వంటి చోట్ల ఇల్లు కట్టుకుంటారు. కొందరు స్వగ్రామానికో, విశాఖకో తరలిపోతారు. మున్సిపాలిటీ ఓటరు అయి ఉండి 21 ఏళ్లు నిండినవారు పోటీకి అర్హులు కనుక కొత్త ఇంటినుంచి పాత వార్డులో నిలబడటం అసాధ్యం కాదు. కాని వార్డు రాజకీయమంటే పొద్దున కుళాయి రాకపోతే ఎవరి తలుపు తట్టాలన్నదే. తలుపు మరో పేటలో ఉంటే ఓటరు అంత దూరం నడవడు.

కనుక రైల్వే పేటల్లో అభ్యర్థులు ప్రధానంగా మూడు వర్గాల నుంచి వస్తారు. ఉద్యోగుల భార్యలు, ఉద్యోగం దొరకని లేదా వ్యాపారంలో ఉన్న కొడుకులు, కాంట్రాక్టర్లు. మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించాలన్న రాజ్యాంగ నిబంధన మొదటి వర్గానికి నిజమైన అవకాశమిచ్చింది. ఆ అవకాశం కూడా వంతులవారీగా తిరుగుతుంది. ఒక దఫా మహిళా వార్డు అయినది మరుసటి దఫా జనరల్ కావచ్చు. జనరల్ అయిన వెంటనే పార్టీ దృష్టి ఆ గృహిణి మీదనుంచి ఖర్చు పెట్టగల కాంట్రాక్టరు మీదికి మళ్లుతుంది. అయిదేళ్లు డ్రైనేజీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమె నేర్చుకున్నదంతా మళ్లీ వంటింటి పాలవుతుంది. ఇది తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే సమస్య కాదు. భర్తకు పోటీచేసే హక్కు ఎన్నడూ లేని ఇళ్లలో మాత్రం దాని దెబ్బ రెట్టింపు.

వార్డు ఉంది, నేల లేదు

ఖరగ్‌పూర్ మున్సిపాలిటీ 1954లో ఏర్పడింది. రైల్వే సెటిల్‌మెంట్ మాత్రం చాలాకాలం దాని వెలుపలే ఉండిపోయింది. 2001 జనగణన దాన్ని విడి పట్టణంగా లెక్కించి 88 వేలకు పైగా జనాభా చూపింది. అంతమంది జనానికి కౌన్సిలర్ అనేవాడే లేడు. రోడ్డు, నీరు, దీపం, మురుగు అన్నిటికీ రైల్వే అధికారులే దిక్కు. 2010 మున్సిపల్ ఎన్నికల నాటికి రైల్వే ప్రాంతాన్ని మున్సిపాలిటీలో కలిపి వార్డుల సంఖ్య పెంచారు. సెటిల్‌మెంట్ వాసులు తమ వీధికి ప్రతినిధిని ఎన్నుకోవడం అప్పుడు మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన అరవై ఏళ్లకు పైబడిన తర్వాత!

వచ్చిన కౌన్సిలర్‌కు చేతిలో ఏముందన్నది తర్వాతి ప్రశ్న. నేల రైల్వేది. దానిమీద గొట్టం వేయాలన్నా, దీపస్తంభం పాతాలన్నా, సామాజిక భవనం కట్టాలన్నా రైల్వే అనుమతి కావాలి. రాజ్యాంగంలోని 285వ అధికరణ కేంద్ర ప్రభుత్వ ఆస్తులను రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయించింది. కనుక మున్సిపాలిటీ ఆ వార్డుల నుంచి ఆస్తిపన్ను వసూలు చేయజాలదు. సేవలకు రుసుము కోరడమే మార్గం. పన్ను రాని వార్డుపై మున్సిపాలిటీకి, ఓటుతో పనిలేని కాలనీపై రైల్వేకు ఉండే ఆసక్తి ఎంతో ఊహించుకోవచ్చు. మధ్యలో కౌన్సిలర్ రెండు ఆఫీసులకూ అర్జీలు మోసే మనిషిగా మిగులుతాడు.

రైల్వే స్థలాల్లో వెలసిన బస్తీల పరిస్థితి మరీ సున్నితం. 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం కింద ఎస్టేట్ అధికారి నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు. ఆ బస్తీల్లో రిటైరైన గ్యాంగ్‌మన్ల పిల్లలు, పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలు ఉన్నాయి. వారిలో తెలుగువారు గణనీయంగానే ఉంటారు. వారికి ఓటర్ కార్డు ఉంది, వార్డు నంబరు ఉంది, కౌన్సిలర్ ఉన్నాడు. ఇంటికి పట్టా లేదు. ఎన్నికల ముందు ప్రతి పార్టీ తొలగింపులు ఆపిస్తామని హామీ ఇస్తుంది. తొలగించే అధికారం ఉన్న సంస్థ మాత్రం ఆ ఎన్నికలో పోటీచేయదు.

ఈ ఆర్థిక శూన్యంలోనే రైల్వే తుక్కు, టెండర్లు, వడ్డీ వ్యాపారం చుట్టూ పెరిగిన బలవంతుల రాజకీయాన్ని చూడాలి. తుక్కు వ్యాపారంతో ముడిపడి పత్రికలకెక్కిన శ్రీను నాయుడు 2017 జనవరిలో న్యూ సెటిల్‌మెంట్ ప్రాంతంలో హత్యకు గురయ్యారు. ఆయన భార్య అప్పటికి మున్సిపల్ కౌన్సిలర్. ఆ ఘటన తర్వాత కోల్‌కతా పత్రికల్లో ఖరగ్‌పూర్ తెలుగువారి ప్రస్తావన చాలాకాలం నేరవార్తల పేజీలోనే సాగింది. ఉపాధ్యాయుడో, రిటైరైన ఫోర్‌మనో నామినేషన్ వేద్దామనుకుంటే ఇంట్లోవాళ్లు వద్దనడానికి ఇదొక కారణం. ఈ జంకు ఏ గణాంకంలోనూ కనబడదు గాని అభ్యర్థుల జాబితాను చూస్తే అర్థమవుతుంది.

సరిహద్దు దాటితే మారే కులం

అన్నిటికన్నా లోతైన అడ్డంకి రిజర్వేషన్‌లో ఉంది. షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రాలవారీగా రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఖరారవుతుంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్న మాల, మాదిగ, రెల్లి కులాలు పశ్చిమ బెంగాల్ జాబితాలో లేవు. ఖరగ్‌పూర్ రైల్వే పారిశుద్ధ్య పనులకు, వర్క్‌షాపు కష్టాలకు మొదట వచ్చినవారిలో ఈ కులాలవారు ఎందరో ఉన్నారు. వారి మనుమలు ఇక్కడే పుట్టారు, ఇక్కడే చదివారు. బెంగాల్ ప్రభుత్వ దృష్టిలో వారు షెడ్యూల్డ్ కులాలవారు కారు.

ఈ విషయంలో న్యాయస్థానాల వైఖరి స్పష్టంగా ఉంది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా మరో రాష్ట్రానికి వలసవెళ్లినవారి వెంట రాదని తేల్చింది. ఆ కేసు వేసింది తెనాలిలో పుట్టి, తండ్రి ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన తెలుగు విద్యార్థి. మహారాష్ట్రలో వైద్య విద్య సీటు ఎస్టీ కోటాలో అడిగి భంగపడ్డాడు. బదిలీ అతని తండ్రి కోరుకున్నది కాదన్న వాదన నిలబడలేదు. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే సూత్రాన్ని రాష్ట్ర సర్వీసులకు సంబంధించి పునరుద్ఘాటించింది.

ఖరగ్‌పూర్ వార్డులకు దీని అర్థం సూటిగానే ఉంది. ఒక వార్డు షెడ్యూల్డ్ కులాలకు కేటాయిస్తే, ఆ వార్డులో అత్యధికులు తెలుగు దళితులే అయినా, వారిలో ఒక్కరూ ఆ స్థానానికి నామినేషన్ వేయలేరు. స్థానిక ధ్రువపత్రం ఉన్న మరో సమూహం వ్యక్తికి ఓటు వేయవలసిందే. అంటరానితనం రైలెక్కి వారితోపాటు వచ్చింది, రక్షణ మాత్రం రాష్ట్ర సరిహద్దులో దిగిపోయింది. జాబితా మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం సిఫార్సు చేయాలి, రిజిస్ట్రార్ జనరల్, జాతీయ ఎస్సీ కమిషన్ అంగీకరించాలి, పార్లమెంటు చట్టం చేయాలి. అంత దూరం నడిపించగల ఎమ్మెల్యేను ఈ ఓటర్లు ఇంతవరకు సంపాదించుకోలేదు.

భాషకు గుర్తింపు వచ్చాక

2020 డిసెంబర్‌లో మమతా బెనర్జీ నాయకత్వంలోని రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అదే. అంతకు ముందే హిందీ, ఉర్దూ, ఒడియా, సంతాలీ, పంజాబీ భాషలకు ఆ భాషీయులు 10 శాతం మించిన ప్రాంతాల్లో అటువంటి గుర్తింపు ఉంది. నిర్ణయం వెలువడిన సమయం గమనించదగ్గది. పదిసార్లు ఎమ్మెల్యేగా గెలిచి ‘చాచా’గా పేరొందిన కాంగ్రెస్ నేత జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ను 2016లో బీజేపీ నాయకుడు దిలీప్ ఘోష్ 6 వేలకు పైగా ఓట్లతో ఓడించారు. ఘోష్ లోక్‌సభకు వెళ్లడంతో 2019లో జరిగిన ఉప ఎన్నికలో తృణమూల్ అభ్యర్థి ప్రదీప్ సర్కార్ 20 వేలకు పైగా ఆధిక్యంతో నెగ్గారు. 2021లో హిరణ్ చటర్జీ నాలుగు వేల లోపు తేడాతో ఆ స్థానాన్ని మళ్లీ బీజేపీకి తెచ్చారు. అయిదేళ్లలో ఇన్ని మలుపులు తిరిగిన సీటులో తెలుగు ఓట్ల గుంపు ఏ పార్టీకైనా విలువైనదే. అసెంబ్లీ ఎన్నికలకు కొద్ది నెలల ముందు భాషకు గుర్తింపు రావడం కాకతాళీయమని నమ్మడం కష్టం. ఇచ్చిన గుర్తింపు విలువ మాత్రం అందువల్ల తగ్గదు.

సోహన్‌పాల్ ఉదాహరణ నుంచి మరో విషయం గ్రహించవచ్చు. సిక్కు మతస్తుడైన ఆయన సమూహం పట్టణంలో మెజారిటీకి దరిదాపుల్లో కూడా లేదు. బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా ఓటర్లందరి ఇళ్లకూ వెళ్లే మనిషిగా ఆయన దశాబ్దాలు నిలిచారు. బయటి భాషవాడు గెలవలేడన్న మాట ఖరగ్‌పూర్‌లో చెల్లదు.

పాఠశాల విషయానికి వస్తే గుర్తింపు ఇంకా కిందికి దిగలేదనే చెప్పాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ రాష్ట్రాలను ఆదేశిస్తోంది. పశ్చిమ బెంగాల్ ప్రాథమిక ఉపాధ్యాయ అర్హత పరీక్షలో మొదటి భాషగా తెలుగును ఎంచుకోవచ్చు. ఖరగ్‌పూర్‌లో తెలుగు మాధ్యమ పాఠశాలలు నడిచాయి, నడుస్తున్నాయి. వాటికి ఉపాధ్యాయులు కావాలి, పాఠ్యపుస్తకాలు కావాలి, అన్నిటికన్నా పిల్లలు కావాలి. పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపుతూ తెలుగు బడి నిలవాలని కోరుకునే తల్లిదండ్రులు ఖరగ్‌పూర్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు.

బడి నిర్వహణలో తల్లిదండ్రులకు గొంతు ఉండటం ఇక్కడే ముఖ్యమవుతుంది. బెంగాల్ ఎయిడెడ్ పాఠశాలల్లో 1969 నియమాల కింద మేనేజింగ్ కమిటీకి సంరక్షకుల ప్రతినిధులను ఎన్నుకునేవారు. ఆ ఎన్నికలు పేరుకు పార్టీరహితమైనా పార్టీల ప్యానెళ్ల మధ్య హోరాహోరీగా జరిగేవి. కొత్తవారు రాజకీయ ఓనమాలు దిద్దుకున్నది అక్కడే. రైల్వే పేటల్లో మున్సిపాలిటీయే లేని రోజుల్లో ఒక గృహిణి, ఒక చిన్న దుకాణదారుడు ఓట్లడిగి గెలవగల వేదిక అది. గత దశాబ్దంలో కమిటీ అధ్యక్షుణ్ణి ప్రభుత్వం నామినేట్ చేసే పద్ధతి వచ్చాక ఆ మెట్టు దాదాపు కూలింది. దీనికి భిన్నంగా ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టులో ప్రభుత్వ పాఠశాలల తల్లిదండ్రుల కమిటీలకు తరగతికి ముగ్గురి చొప్పున ఎన్నికలు జరిపారు. అక్కడా పార్టీల జోక్యం, కొన్నిచోట్ల గొడవలు తప్పలేదు. ఎన్నిక జరిగింది గనుకనే గొడవ జరిగింది. నామినేషన్ పద్ధతిలో గొడవ ఉండదు, తల్లి గొంతూ ఉండదు.

షోలాపూర్‌తో పోలిక

తెలుగువారు పరాయి రాష్ట్రంలో పట్టణ రాజకీయాన్ని శాసించిన ఉదాహరణ కావాలంటే మహారాష్ట్రలోని షోలాపూర్‌ను చూడాలి. అక్కడి పద్మశాలీలు నేతపని కోసం వలసవెళ్లినవారే. వారినుంచి గంగాధర్ కుచన్ 1980, 1984 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. బీడీ, మరమగ్గాల కార్మికులను కూడగట్టిన నర్సయ్య ఆడం సీపీఎం తరఫున మూడుసార్లు శాసనసభకు వెళ్లారు. 2019 డిసెంబర్‌లో శ్రీకాంచన యన్నం నగర మేయర్ అయ్యారు. వామపక్షం, కాంగ్రెస్, బీజేపీ మూడింటిలోనూ తెలుగు నాయకత్వం ఎదిగింది.

ఖరగ్‌పూర్ తెలుగువారు షోలాపూర్ వారికన్నా తక్కువ చైతన్యవంతులని ఎవరూ అనలేరు. 1974 రైల్వే సమ్మెను చూసిన పట్టణమిది. తేడా బతుకుతెరువులో ఉంది. షోలాపూర్ నేతగాడు సొంత మగ్గం, సొంత ఇల్లు, సొంత దుకాణం సంపాదించుకున్నాడు. కార్మికుడిగా ఉన్నప్పుడూ అతని యజమాని ప్రైవేటువాడు, ఎన్నికల్లో నిలబడవద్దని శాసించే నియమావళి అతనికి లేదు. ఖరగ్‌పూర్ కార్మికుడికి ప్రభుత్వ జీతం, క్వార్టర్, ఆసుపత్రి, పింఛను దక్కాయి. వాటికి చెల్లించిన మూల్యంలో అభ్యర్థిత్వం ఒకటి. భద్రత ఉన్నంతకాలం ఆ మూల్యం ఎవరికీ బరువనిపించలేదు. వారసులకు ఆ ఉద్యోగాలు రాని కాలంలో, ప్రవేశం అఖిల భారత పోటీ పరీక్షల ద్వారా అయ్యాక, బస్తీలో అద్దెకుంటూ కాంట్రాక్టు పని చేసే మూడో తరానికి నియమావళి అడ్డం లేదు. వారికి అండగా నిలిచే సంఘమూ లేదు.

ముందున్నది ఓటరు జాబితా

2025 నవంబర్ 4న పశ్చిమ బెంగాల్‌లో మొదలైన ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ 2002 నాటి జాబితాను ఆధారంగా తీసుకుంది. ఆ జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో చూపలేనివారు పత్రాలు సమర్పించవలసి వచ్చింది. అంగీకరించిన పత్రాల్లో ప్రభుత్వ ఉద్యోగి గుర్తింపు కార్డు, పింఛను చెల్లింపు ఉత్తర్వు ఉన్నాయి. రైల్వే పింఛనుదారుకు అది మేలు. అతని ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక క్వార్టర్ నుంచి మరో క్వార్టర్‌కు, అక్కడినుంచి బస్తీకి మారిన కుటుంబానికి పాత చిరునామాతో లంకె చూపడమే ఒక పరీక్ష. ఓటరు జాబితాలో పేరు లేనివారికి నామినేషన్ పత్రంతో పనేలేదు. మున్సిపల్ ఎన్నికల జాబితాకు అసెంబ్లీ జాబితాయే మూలం కనుక ఇప్పుడు పోయిన పేరు 2027లోనూ కనిపించకపోవచ్చు.

దాని తర్వాతి ఘట్టం వార్డుల రిజర్వేషన్ ముసాయిదా. ఏ వార్డు మహిళలకు, ఏది షెడ్యూల్డ్ కులాలకు అన్నది ఎన్నికల ముందు ప్రకటించి అభ్యంతరాలు కోరతారు. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది. ప్రకటన బెంగాలీ, ఇంగ్లీషు భాషల్లో వస్తుంది. తెలుగుకు హోదా ఉన్నా తెలుగులో వస్తుందన్న భరోసా లేదు. తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి, మాతా పూజకు చందాలు పోగుచేసి పందిళ్లు వేయడంలో చూపే ఓపికలో కొంత ఆ ముసాయిదాను చదివి, తమ పేటల జనాభా లెక్కలతో అభ్యంతరం దాఖలు చేయడానికి వెచ్చిస్తే పార్టీలు టికెట్ల చర్చ మొదలుపెట్టేనాటికి వారి వాదన కాగితం మీద ఉంటుంది. గత ఎన్నికల్లో పార్టీలు తెలుగు పేటలకు వచ్చింది నామినేషన్ల గడువు ముగిశాక, ఓట్లు అడగడానికి.